వంటింట్లో ఉన్న ఫోన్

వడమాలపేట దాటాక కొండ వైపు తిరిగే మట్టిరోడ్డు చివర, మామిడితోపు మధ్యలో ఉన్న ఇంటికి కోడలుగా వచ్చిన కొన్నాళ్ళకే రూపశ్రీ వంటల వీడియోలు మొదలుపెట్టింది. వండేది అత్త శకుంతలమ్మ, తీసేది కోడలు. భర్త మునిశేఖర్ శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరతాడు. పగలంతా ఇంట్లో ఆడవాళ్ళిద్దరే.

ఎవరైనా ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడితే శకుంతలమ్మకు చెయ్యి ఆడదు. గరిటె జారవిడుస్తుంది, ఉప్పు రెండుసార్లు వేస్తుంది. అందుకని రూపశ్రీ ఒక ఉపాయం చేసింది. మునిశేఖర్ వాడి పక్కన పడేసిన పాత ఫోన్‌ను మూడుకాళ్ళ స్టాండుకు బిగించి వంటింటి మూలలో నిలబెట్టింది. ఆ కెమెరా చూసేదంతా తన చేతిలోని ఫోన్‌లో కనపడేలా రెండింట్లోనూ ఒక యాప్ వేసింది. వీడియో మొదలుపెట్టడం, ఆపడం, దగ్గరికి లాగడం, లైటు వెలిగించడం అన్నీ చేతిలోని ఫోన్ నుంచే. రెండింటినీ కలిపేది ఆమె ఫోన్ హాట్‌స్పాట్. తాను పక్కగదిలోనో వాకిట్లోనో ఉండి నడిపిస్తుంటే, శకుంతలమ్మ ఒంటరిగా ఉన్నాననుకుని తన ధోరణిలో తాను వండేది, పక్కింటామెతో చెప్పినట్టు ఆ ఫోన్‌తో కబుర్లు చెప్పేది. చూసేవాళ్ళకు వంట కంటే ఆ కబుర్లే నచ్చాయి.

అది మే నెల. ఆ రోజు సంగటి, అందులోకి వేరుశనగ పచ్చడి ఊరిబిండి చేద్దామనుకున్నారు. పొద్దున్నించీ తోపులో కుక్కలు అదే పనిగా మొరుగుతున్నాయి. కాయల కాలంలో కొండ మీంచి పందులో కోతులో దిగడం మామూలే కాబట్టి ఇద్దరూ పట్టించుకోలేదు. తూర్పు కిటికీలోంచి ఎండ నేరుగా పొయ్యి మీద పడి బొమ్మ తెల్లగా వెలిసిపోతోందని రూపశ్రీ కిటికీ రెక్కలు మూసేసింది. వంటింటి పెరటి తలుపు మాత్రం గాలికి ఓరగా ఉంచింది. శకుంతలమ్మ వేరుశనగ గింజలు తెస్తానని వంటింటిని ఆనుకుని ఉన్న సామాన్ల గదిలోకి వెళ్ళింది. ఆ గదికి కిటికీ లేదు. వెనక గోడకు పైన చేటంత గాలిరంధ్రం ఒకటి ఉంది. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా వంటింట్లోంచే దారి.

కరివేపాకు లేదని అప్పుడు గుర్తొచ్చి రూపశ్రీ హాల్లోకి నడిచింది. ఫ్యాను చప్పుడు వీడియోలో పడకుండా వంటింటి తలుపుకు హాలు వైపు నుంచి గడియ పెట్టి, ముందు వాకిలి గుండా బయటికి వచ్చింది. కరివేపాకు చెట్టు కిటికీకి కాస్త అవతల ఉంది. ఎడమచేతిలో ఫోన్, కుడిచేత్తో రెమ్మలు తుంచుతోంది. తెరమీద పొయ్యిగట్టు, ఖాళీ సంగటి గిన్నె, సామాన్ల గది తలుపు కనిపిస్తున్నాయి. అత్త గింజల పళ్ళెంతో గడప దాటగానే వీడియో మొదలుపెడదామని బొటనవేలు సిద్ధంగా ఉంచుకుంది.

తెర అడుగున ఏదో కదిలింది. అత్త వచ్చిందనుకుని నొక్కేసింది. అత్త కాదు. ముందు కుక్క అనుకుంది. బొమ్మను వెనక్కి జరిపి చూసింది. పసుపు ఒళ్ళు, నల్ల మచ్చలు, నేలను రాసుకుంటూ పోతున్న పొడవాటి తోక. గట్టు కింద, గ్యాస్ సిలిండర్ పక్కన చీకట్లో ఆ ఒళ్ళు ముడుచుకుని పడుకుంది. తల ఇటు తిరిగింది.

రూపశ్రీ చేతిలోని కరివేపాకు కింద పడిపోయింది. ‘అత్తా’ అని అరవబోయి చప్పున నోరు నొక్కుకుంది. తాను అరిస్తే అత్త ఏమైందోనని వంటింట్లోకి పరిగెత్తుకొస్తుంది. చిరుతకూ ఆ తలుపుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత చోటు కూడా లేదు.

తలుపు సందులోంచి అత్త చీర అంచు ఒకసారి కనపడి మాయమైంది. గింజలు చెరుగుతున్నట్టుంది. ఏ క్షణానైనా బయటికి రావచ్చు.

రూపశ్రీ చెప్పులు విడిచి ఇంటి వెనక్కి పరిగెత్తింది. గాలిరంధ్రం కింద మామిడికాయల క్రేట్లు పేర్చి ఉన్నాయి. వాటి మీదికి ఎక్కింది. ఇంటి గోడలు అడ్డం వచ్చాయేమో, చేతిలోని బొమ్మ బిగుసుకుపోయింది. గట్టు కింద చిరుత అలాగే పడుకుని కనిపిస్తోంది, కాని అది ఇప్పటి చిరుతో, ఇందాకటిదో తెలియదు. గాలిరంధ్రంలోంచి లోపలికి తొంగి చూస్తే అత్త పళ్ళెం చంకన పెట్టుకుని తలుపు వైపే కదులుతోంది. రూపశ్రీ గోడ పెచ్చు ఒకటి పెళ్ళగించి ఆమె భుజం మీదికి విసిరింది. శకుంతలమ్మ తలెత్తింది.

“అత్తా, అరవగాకు. వంటింట్లో చిరత ఉండాది. వాకిలి మెల్లగా ముయ్యి.”

శకుంతలమ్మ నవ్వబోయింది. కోడలి ముఖం చూసి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పళ్ళెం చప్పుడు కాకుండా బియ్యం మూట మీద పెట్టి, రెండు చేతులతో తలుపు నెట్టింది. ఆ తలుపుకు లోపల గడియ లేదు. మూసుకునేటప్పుడు మడతబందు కిర్రుమంది. మూటను జరిపి తలుపుకు ఆనించమని రూపశ్రీ సైగ చేసి, క్రేట్ల మీంచి దిగి మళ్ళీ కరివేపాకు చెట్టు దగ్గరికి వచ్చింది.

బొమ్మ కదిలింది. గట్టు కింద చిరుత లేదు.

పెరటి తలుపులోంచి వెళ్ళిపోయిందేమోనని క్షణం పాటు ఆశ. బొమ్మను ఇంకా వెనక్కి జరిపితే కనపడింది. సామాన్ల గది తలుపు ముందే ఉంది. తలుపు అడుగు సందులో ముక్కు పెట్టి వాసన చూస్తోంది. ముందు కాలు ఒకటి ఎత్తి తలుపు మీద పెట్టింది. తలుపు కొద్దిగా లోపలికి కదిలింది. మూట ఇంకా ఆనించలేదన్నమాట.

రూపశ్రీకి చేతిలో ఉన్నది ఆ ఫోన్ ఒక్కటే. లైటు గుర్తు మీద నొక్కింది.

చీకటిగా ఉన్న వంటింట్లో మూల నుంచి తెల్లటి వెలుగు పడింది. చిరుత దిగ్గున వెనక్కి తిరిగింది. కళ్ళు రెండూ పచ్చగా మెరిశాయి. సరిగ్గా అప్పుడే చేతిలోని ఫోన్ వణికింది. మునిశేఖర్ ఫోన్ చేస్తున్నాడు. వంటిల్లు మాయమై తెర నిండా అతని ఫోటో వచ్చింది. ఆమె తడబడుతూ కాల్ కట్ చేసింది. బొమ్మ తిరిగొచ్చేసరికి తెర నిండా ఒక ముక్కు, మీసాలు, తడి. చిరుత స్టాండు దగ్గరికి వచ్చి ఫోన్‌ను వాసన చూస్తోంది. అది మీద పడి ఫోన్‌ను కింద పడేస్తే ఇక లోపల ఏమవుతోందో తెలియదు. లైటు ఆర్పింది. చిరుత కాసేపు అక్కడే నిలబడి, ఒక వెనక కాలు ఈడ్చుకుంటూ, తిరిగి గట్టు కిందికి పోయి పడుకుంది. ఆ తర్వాత తలుపు మళ్ళీ కదల్లేదు. లోపల శకుంతలమ్మ మూట ఆనించి, దానికి తన వీపు ఆనించి కూర్చుందని తర్వాత తెలిసింది.

కుక్కల గోల విని పక్క చేను ధనంజయ కర్ర పట్టుకుని వచ్చాడు. మునిశేఖర్ నాయనకు స్నేహితుడు. ఆయన పోయాక ఈ ఇంటి మంచి చెడ్డలన్నీ చూస్తున్నవాడు. రూపశ్రీ పెదవుల మీద వేలు పెట్టుకుని ఫోన్ చూపించింది. అత్త ఎక్కడుందో చెప్పి, ఫారెస్టు వాళ్ళకు అతని ఫోన్ నుంచే చెయ్యమంది. తాను చేస్తే బొమ్మ పోతుంది. అక్కణ్ణుంచి కదిలినా పోతుంది.

అతను ఫోన్ చేశాడు. తిరుపతి నుంచి మత్తు సూది వేసే డాక్టరును తీసుకుని బయల్దేరుతామన్నారు. ఈలోగా కబురు పాకి జనం రాసాగారు. కొందరు ఆమె భుజాల మీదుగా తెరలోకి తొంగి చూస్తున్నారు. ఏనుగులను తోలడానికి తెచ్చిన టపాకాయలు తమ ఇంట్లో ఉన్నాయని, రెండు పేలిస్తే పెరటి తలుపులోంచి పారిపోతుందని ఎవరో అన్నారు. ధనంజయ కూడా అదే మంచిదన్నాడు.

“వద్దు మామా,” అంది రూపశ్రీ తెర మీంచి చూపు తిప్పకుండా. “బయటంతా మనుషులే ఉండారు. బెదిరిందంటే అది బయటికి రాదు. అత్త ఉండే గదిలోకే దూరతాది. ఆ వాకిలికి గడియ లేదు.”

ధనంజయ కర్ర అడ్డం పెట్టి జనాన్ని మట్టిరోడ్డు దాకా తోలుకుంటూ పోయాడు. కుక్కలను కట్టేయించాడు. తర్వాత ఆమె ఎండలో నిలబడి ఉందని గమనించి తలగుడ్డ విప్పి ఆమె తల మీద కప్పాడు. గాలిరంధ్రం దగ్గరికి పోయి శకుంతలమ్మకు రెండేసి మాటలు చెప్పి వచ్చేవాడు. ఆమె మంచినీళ్ళు అడుగుతోందని ఒకసారి, కోడల్ని దూరంగా పొమ్మంటోందని ఇంకోసారి చెప్పాడు.

రూపశ్రీకి ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. వంటింటి ఫోన్‌లో చార్జింగు ఎంత మిగిలిందో తెర మూలలో కనపడుతుంది. పాత బ్యాటరీ. ఆ గుర్తు పచ్చ రంగు పోయి పసుపు పచ్చలోకి, అందులోంచి ఎర్రటి రంగులోకి దిగింది. వీడియో ఆపితే కొంత మిగులుతుందని ఆపేసింది. చిరుత మాత్రం కదల్లేదు. అప్పుడప్పుడు తల తిప్పి తన నడుమును నాకుకుంటోంది.

ఫారెస్టు జీపు దూరంగా ఆపి సిబ్బంది నడిచి వచ్చారు. జూ నుంచి వచ్చిన డాక్టరు పేరు పవిత్ర. సన్నటి మనిషి, గొంతు కూడా చిన్నదే. వస్తూనే కిటికీ దగ్గరికి పోకుండా రూపశ్రీ పక్కకు వచ్చి తెర చూసింది. ఏ జంతువునూ ఇంత దగ్గరగా, దానికి తెలియకుండా ఇంతసేపు చూసే వీలు తనకెప్పుడూ దొరకలేదంది. చిరుత నడుమును దగ్గరికి లాగి చూపించమంది.

రూపశ్రీ రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. మచ్చల మధ్య ఎర్రటి గీత. చర్మంలోకి దిగి, చీము పట్టి ఉంది. అందులోంచి ఒక తీగ బయటికి వచ్చి నేల మీద పడి ఉంది. తీగ చివర చింతకొయ్య మేకు, మేకుకు చుట్టిన నీలం నైలాను తాడు.

పందుల ఉచ్చు అని పవిత్ర చెప్పింది. బండి క్లచ్ వైరుతో వేసిన ఉచ్చులో ఇది పడి, మేకుతో సహా పెరుక్కుని వచ్చిందని, కుక్కలు తరిమితే పరిగెత్తలేక ఇంట్లో దూరిందని వివరించింది. వెనక నిలబడి చూస్తున్న ధనంజయ నాలుగడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. ఆ క్షణంలో ఎవరూ అతన్ని చూడలేదు.

సిబ్బంది పెరటి తలుపు బయట వల కట్టారు. సూది వెయ్యాలంటే కిటికీ రెక్క నాలుగు వేళ్ళంత తెరవాలి. తెరవగానే చిరుత అటే చూస్తుంది, అటే దూకుతుంది. అది వేరే వైపు చూస్తూ, తొడ కిటికీ వైపు పెట్టినప్పుడే వెయ్యాలి. లైటు వెలిగిస్తే అది తిరుగుతుందని రూపశ్రీ చెప్పింది. చార్జింగు ఒక్కసారికే సరిపోతుందని కూడా చెప్పింది.

“ఒక్కసారి చాలు,” అంది పవిత్ర. “నేను చెయ్యెత్తితే వెలిగించు. నేను చెప్పేదాకా ఆర్పకు.”

ఆమె కిటికీ పక్కన గోడకు అంటుకుని మత్తు సూది తుపాకి గొట్టం సర్దుకుంది. ఇద్దరు మనుషులు రెక్క పట్టుకున్నారు. తోపంతా నిశ్శబ్దంగా ఉంది. పవిత్ర చెయ్యెత్తింది. రూపశ్రీ నొక్కింది.

లైటు వెలిగింది. చిరుత లేచింది. ఈసారి అది వెనకాడలేదు, పళ్ళు చూపిస్తూ ఫోన్ వైపు ఒక్కొక్క అడుగే వేసింది. రెక్క కదిలింది. తుపాకి చప్పుడు ఎవరో గట్టిగా ఊదినట్టు వినపడింది. చిరుత గాల్లోకి లేచింది. స్టాండు పడిపోయింది. తెర నల్లబడింది.

లోపల గిన్నెలు దొర్లాయి. తర్వాత తలుపు చెక్కను గోళ్ళతో గీరుతున్న చప్పుడు. శకుంతలమ్మ గొంతు మొదటిసారి పైకి వినపడింది. రూపా, రూపా అని రెండుసార్లు పిలిచింది. పవిత్ర కిటికీ సందులోంచి చూసి, గట్టు అడ్డంగా ఉంది, తలుపు వైపు ఏమీ కనపడటం లేదంది.

 ఫోన్ పగిలిపోయిందనుకుంది రూపశ్రీ. కాని తెర మూలలో ఎర్ర గుర్తు ఇంకా ఉంది. పగిలిపోతే అది ఉండదు. వెల్లకిలా పడి ఉంటుంది, వెనక కెమెరా నేలకు ఆనుకుని ఉంటుంది, అందుకే చీకటి. ముందు కెమెరాకు మార్చే గుర్తు నొక్కింది.

వంటింటి పైకప్పు కనపడింది. అలమర అంచు. సామాన్ల గది తలుపు పైభాగం. దాని మీద రెండు ముందుకాళ్ళు. చిరుత వెనకకాళ్ళ మీద నిలబడి తలుపును తోస్తోంది. తలుపు కదిలి, మళ్ళీ మూసుకుంది. మళ్ళీ కదిలి, మళ్ళీ మూసుకుంది.

“అత్తకు చెప్పు మామా, గట్టిగా ఆనుకోమని. ఇంక కొంచెంసేపే.”

ధనంజయ గాలిరంధ్రం వైపు పరిగెత్తాడు. అతను ఏం చెప్పాడో గాని తలుపు ఇక కదల్లేదు. తెరలో ముందుకాళ్ళు కొద్దికొద్దిగా కిందికి జారాయి. ఒళ్ళు ఫోన్ మీదుగా వాలి, తెర సగం మచ్చలతో నిండిపోయింది. మిగతా సగంలో ఒక చెవి. అంత దగ్గరగా చెవి లోపలి తెల్లటి వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి. చెవి విదిలించుకుంది. కాసేపాగి మళ్ళీ విదిలించుకుంది. పవిత్ర వచ్చి ఆ చెవినే చూస్తూ నిలబడింది. అది కదిలినంతసేపూ లోపలికి ఎవరూ పోకూడదంది. ఒకసారి చెవి మెల్లగా వణికింది. ఆ తర్వాత ఎంతసేపు చూసినా కదల్లేదు. ఇంకొంచెం చూద్దామని ఇద్దరూ అనుకుంటుండగానే ఫోన్ ఆరిపోయింది.

పవిత్ర మరికొంతసేపు ఆగి, వల పక్కకు తీయించి లోపలికి వెళ్ళింది.

వాళ్ళు చిరుతను గుడ్డ స్ట్రెచర్ మీద తెచ్చి వేపచెట్టు నీడలో పడుకోబెట్టారు. కళ్ళకు గుడ్డ కట్టారు. శకుంతలమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వీపు మీద జాకెట్టు చిరిగి, బియ్యం మూట రాసుకుని చర్మం కమిలిపోయింది. రూపశ్రీ ఎదురుపోయి పట్టుకుంది. పవిత్ర కటింగ్ ప్లేయర్‌తో తీగ కత్తిరించి, మేకుతో సహా పైకెత్తి, ఇది ఎవరిదని అక్కడున్నవాళ్ళను అడిగింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కేసు అవుతుందని అందరికీ తెలుసు. చెప్పకపోతే తేలదని కూడా తెలుసు.

ధనంజయ శకుంతలమ్మ చిరిగిన జాకెట్టు వైపు చూస్తున్నాడు.

“నాదే మేడమ్,” అన్నాడు. “బోరు కింద చెనిక్కాయ పైరు వేసినా. పందులు ఒక్క చెట్టు కూడా మిగల్చకుండా తవ్వతా ఉంటే ఉచ్చులు పెట్నా. ఇది పడతాదనుకోలే. ఈయమ్మ మీదికి వస్తాదనుకోలే. ఇంకా నాలుగు ఉండాయి చేన్లో. రాండి, చూపిస్తా.”

ఫారెస్టు వాళ్ళు అతన్ని వెంటబెట్టుకుని చేలోకి పోతుంటే, శకుంతలమ్మ కోడలితో ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి పంపమంది. అతను తాగకుండానే వెళ్ళిపోయాడు.

మునిశేఖర్ కబురు అంది సగం షిఫ్టులో సెలవు పెట్టి బస్సులు మారి వచ్చేసరికి వంటిల్లు కడుగుతున్నారు. అతను తల్లినీ భార్యనూ చూసి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న రూపశ్రీ అప్పుడు కడిగిన చోటే మళ్ళీ మళ్ళీ చీపురుతో కడగసాగింది. శకుంతలమ్మ చీపురు లాక్కుని ఆమెను కొడుకు పక్కన కూర్చోబెట్టింది.

అన్నాలయ్యాక శకుంతలమ్మ ఆ వీడియో పెట్టమంది. ఆమె చిరుతను మత్తులో పడి ఉన్నప్పుడే చూసింది గాని మెలకువగా ఉన్నప్పుడు చూడలేదు. చార్జింగు పెట్టిన పాత ఫోన్‌ను గోడకు ఆనించి రూపశ్రీ వీడియో నడిపించింది. తలుపు సందులో తన చీర అంచు, దాని ఎదురుగా గట్టు కింద ఆ తల. శకుంతలమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. తలుపు మీద కాలు పడినప్పుడు కొడుకు మోకాలు గట్టిగా పట్టుకుంది. లైటు వెలిగి చిరుత వెనక్కి తిరిగిన చోట ఆపమంది.

“ఇంత దగ్గర్లోనా ఉన్నింది,” అంది. కోడలి వైపు తిరిగి, “పొమ్మని ధనంజయతో చెప్పి పంపితే ఎందుకు పోలేదు నువ్వు?”

“అక్కణ్ణించి కదిల్తే నువ్వు ఉండే వాకిలి కనపడదత్తా,” అంది రూపశ్రీ.

శకుంతలమ్మ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ వీడియోను ఎవరికీ పంపవద్దని పవిత్ర చెప్పిపోయింది. చోటు తెలిస్తే వేటగాళ్ళు వస్తారని. రూపశ్రీ పంపలేదు.

ధనంజయ మీద కేసు నడుస్తోంది. బెయిలు మీద వచ్చాక మొదట్లో ఆ ఇంటి వైపు రావడం మానేశాడు. మునిశేఖరే వెళ్ళి పిలుచుకొచ్చాడు. చేను చుట్టూ ఇనుప కంచె వెయ్యడానికి ప్రభుత్వం సాయం ఏమైనా దొరుకుతుందేమోనని ఇద్దరూ మండలాఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పవిత్ర ఫోన్ చేసింది. గాయం మానిందని, చిరుతను అడవిలో వదిలేశామని చెప్పింది. రూపశ్రీ ఆ మాట చెబితే, శకుంతలమ్మ ఫోన్ అందుకుంది.

“యాడ ఇడిసినారమ్మా? మా పక్క కొండలోనేనా?”

కాదని, చాలా దూరం తీసుకుపోయామని పవిత్ర నవ్వుతూ చెప్పింది. శకుంతలమ్మ సరేనంది. ఫోన్ తిరిగిచ్చి పెరటి తలుపు దాకా పోయి చూసింది. తలుపు తెరిచే ఉంది. గడియ పెట్టి, వచ్చి పొయ్యి వెలిగించింది.